నీలం తగ్గిన గోడ

"ఇవెన్ని?" అన్నాడు మామగారు, హాలుకి ఆ చివర గోడకి వీపు ఆనించి చెయ్యెత్తి నిలబడి.

"మూడు వేళ్లు. అందులో ఒకదానికి గోరు తీయలేదు. ఇక ఆపుతారా?" అంది అత్తగారు.

"మరి బాగానే కనిపిస్తోందిగా!"

"వేళ్లు లెక్కపెట్టడానికి ఏ కళ్లయినా సరిపోతాయండీ. నాకు పోయింది లెక్క కాదు, రంగు."

మామగారు చెయ్యి దించేశాడు. ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి, కిక్కిరిసిన బస్సులో అందరి నోళ్లూ మూయించిన మనిషి, భార్య దగ్గర మాత్రం ఎప్పుడూ టికెట్టు లేని ప్రయాణికుడే.

బల్ల మీద అత్తగారి దుకాణం ఏప్రను ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. అది అక్కడికి చేరి రెండు రోజులైంది. "ఇది దుకాణంలో ఇచ్చేసి రండి. నా పని అయిపోయిందని చెప్పండి" అని ఆవిడ నిన్న ఇంట్లో ముగ్గురికీ విడివిడిగా చెప్పింది. ముగ్గురూ విననట్టే తిరుగుతున్నారు.

అత్తగారు రంగుల దుకాణంలో రంగులు కలిపే మనిషి. గోడ నుంచి గోరంత పెచ్చు రాల్చి తెచ్చినా సరే, దాన్ని వెలుగులో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, డబ్బాలో ఇన్ని చుక్కలు అది, ఇన్ని చుక్కలు ఇది వేసి కలిపిందంటే, ఏది పాత గోడో ఏది కొత్త గోడో కట్టినవాడు కూడా చెప్పలేడు. దుకాణంలో రంగులు కలిపే యంత్రం కూడా ఉంది. ఆ యంత్రానికి అనుమానం వస్తే ఈవిడని అడుగుతుందని దుకాణం ఓనరు గొప్పగా చెప్పుకుంటాడు.

అలాంటి మనిషి మొన్న పళ్ల డాక్టరమ్మ క్లినిక్కుకి కలిపి పంపిన నీలం, గోడ మీద ఆరేసరికి నాచు పట్టినట్టు తేలింది. చెమ్మతో పాడైన ఒక్క గోడకే వేయాల్సిన రంగు అది. మిగతా మూడు గోడలూ ఆకాశంలా ఉంటే, నాలుగోది చెరువులా ఉందట.

కోడలు చల్లారిపోయిన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

భర్త పొద్దున్నే ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, చెవిలో ఒకే ఒక్క మాట అని పోయాడు. "నువ్వే చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది, నువ్వు చెబితే నిజమవుతుంది."

ఫోను మోగింది. అత్తగారు చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. మామగారు తీశాడు.

"ఆవిడ లేదండీ... అంటే ఉంది. ఉంది గానీ లేదని చెప్పమంటోంది... ఆ, ఇక్కడే కూర్చుంది. కోపంగానే ఉంది... సరే సరే, చెబుతా." ఫోను పెట్టేసి, "మీ ఓనరు. అక్క లేకపోతే దుకాణం ఇల్లులా లేదంటున్నాడు" అన్నాడు.

"దుకాణం ఇల్లులా ఎందుకుండాలి? దుకాణంలా ఉంటే చాలు. పదండి, పదకొండింటికి కళ్ల డాక్టరు రమ్మన్నాడు. శుక్లాలంటే శుక్లాలు, కోయాలంటే కోయించుకుంటా. కానీ మళ్లీ ఆ డబ్బాల ముందు నిలబడను. ఒక్కసారి తప్పు కలిపిన చెయ్యి, ప్రతిసారీ తడబడుతుంది."

ఆవిడ లేచింది. చెప్పులు వెతుక్కుంటోంది.

కోడలు కప్పు బల్ల మీద పెట్టింది. చిన్న చప్పుడే అయింది గానీ, ఇద్దరూ తిరిగి చూశారు.

"అత్తయ్యా, కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొద్దు. మీ కళ్లకేం కాలేదు. అయింది మీ ఫోనుకి."

*

"ఫోనుకా?" అన్నాడు మామగారు. "ఫోను బ్రహ్మాండంగా ఉందిగా! నువ్వేదో మందు వేశావు కదా, అప్పట్నుంచి ఛార్జింగు అడగడమే మానేసింది. అంతకుముందు సాయంత్రమయ్యేసరికి చచ్చేది."

"ఆ మందే, మామయ్యా."

కోడలు పనిచేసే ఆఫీసులో ఫోను తెరలకి తక్కువ కరెంటు ఖర్చయ్యే ఉపాయాలు చూస్తారు. ఇంట్లో అందరికీ తెలిసింది అంతవరకే. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"తెరలో లక్షల చిన్న చిన్న దీపాలుంటాయి అత్తయ్యా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ మూడే కలిసి అన్ని రంగులూ చూపిస్తాయి. వీటిలో తిండిపోతు నీలం. కరెంటు అందరికంటే ఎక్కువ తింటుంది, వెలుగు అందరికంటే తక్కువ ఇస్తుంది."

"మా డిపోలో ఉండేవాడు అలాంటివాడు ఒకడు" అన్నాడు మామగారు.

అత్తగారు నవ్వలేదు. చెప్పు ఒకటి కాలికి ఉంది, ఒకటి చేతిలో ఉంది.

"అందుకని నీలానికి తిండి తగ్గించాం. ఒక్కసారిగా తగ్గిస్తే కన్ను పట్టేస్తుంది. రోజుకి ఇంత, వెంట్రుకవాసి చొప్పున తగ్గిస్తే కన్ను కూడా దాంతోపాటే సర్దుకుపోతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలీదు. నెల్రోజుల కిందట ఎలా ఉండేదో గుర్తుండదు. కన్ను రంగుని చూడదు అత్తయ్యా, తేడానే చూస్తుంది. ఆ తేడా కంటికి ఆననంత సన్నగా ఉంటే..."

"నా ఫోనులో పెట్టావా అది?"

"పెట్టాను."

"ఎన్నాళ్లయింది?"

"ముప్ఫై మూడు రోజులు."

మామగారు వేళ్ల మీద రోజులు వెనక్కి లెక్కపెట్టాడు.

"నలభై మంది ఫోన్లలో పెట్టి, ఎవరికైనా తెలుస్తుందా అని చూడాలి" అంది కోడలు. మొదలుపెట్టాక మాటలు ఆపడం ఆమె వల్ల కాలేదు. "అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నాం. ఒకాయన తీరా మొదలుపెట్టబోయే ముందు మానేశాడు. ముప్ఫై తొమ్మిదయ్యారు. ఆ రోజు మీరు ఫోను ఇచ్చి, సాయంత్రానికే చస్తోంది, ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నారు. నలభయ్యో ఫోనుగా మీదాన్ని చేర్చేశాను. మీకు రంగుల సంగతి చెప్పలేదు. చెబితే వెతుకుతారు కదా, వెతికితే పరీక్ష పాడవుతుంది కదా అని. సొంతిల్లే కదా, సంతకమెందుకులే అని."

"సొంతిల్లే కదా అని" అంది అత్తగారు, మెల్లగా.

చేతిలో చెప్పు కింద పెట్టింది. కాలికున్నదీ విప్పేసింది.

"పరాయివాళ్లకి సంతకం. ఇంట్లోదానికి మందు. బాగుంది. నేను దుకాణంలో ఎలా చెప్పుకున్నానో తెలుసా? మా కోడలి చేతి చలవ, ఫోను రెండు రోజులు నిలుస్తోందని! ఓనరు ఫోను కూడా నీకిచ్చి బాగు చేయిద్దామనుకున్నా."

"అత్తయ్యా, నేను..."

"ఆ డాక్టరమ్మ, మంచి గోడని గీకనివ్వనంది. ఫోటో పంపింది. ఫోటో చూసి కలపకూడదని నాకు తెలీదా? కానీ ఆ ఫోను నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. ఎంత అబద్ధమాడుతుందో నాకు కంఠతా వచ్చు. ఆ అబద్ధమెంతో అంత తీసేసి కలుపుతాను. ఇన్నేళ్లలో ఒక్క గోడా తప్పలేదు. దాని పాత అబద్ధం నాకు తెలుసు. నువ్వు కొత్త అబద్ధం నేర్పావు, నాకు చెప్పలేదు."

రెండేళ్లుగా కోడలు చదివినదీ, రాసినదీ అంతా కలిపినా ఆ మూడు మాటలంత సూటిగా లేదు.

"నిన్న మధ్యాహ్నం ఏం చేశానో తెలుసా నేను?" అత్తగారి గొంతు తగ్గింది. "మీరెవరూ లేనప్పుడు కళ్లు మూసుకుని వంటింట్లో నడిచి చూసుకున్నా. పొయ్యి ఎక్కడుంది, కప్పులు ఎక్కడున్నాయి, ఉప్పు డబ్బా ఏది, చక్కెర డబ్బా ఏది. ముందే అలవాటు చేసుకుంటే ఎవరికీ బరువవ్వను కదా అని."

మామగారు నెమ్మదిగా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. "అందుకా నిన్న నా టీలో ఉప్పుంది?"

"మరి తాగారేం?"

"దుకాణం మానేశాక నువ్విచ్చిన మొదటి టీ అది. ఉప్పైతేనేం."

అత్తగారి పెదవి ఒక మూల కదిలింది. వెంటనే దాన్ని బిగించేసింది. లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. గడియ పెట్టలేదు. అంతవరకు నయమనుకుంది కోడలు.

పావుగంట గడిచింది. మామగారు పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు. కోడలు తన సంచీలోంచి సబ్బుపెట్టెంత పరికరం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుంది. అది ఆఫీసుది. ఏ రంగు మీద ఆనించినా, అందులో ఎరుపెంత, పచ్చెంత, నీలమెంత అని అంకెల్లో చెబుతుంది. ఆమె బుర్రలో నిన్నటి నుంచి ఒక ఆలోచన పురుగులా తొలుస్తోంది. అది అడిగే మొహం తనకి లేదు.

తలుపు తెరుచుకుంది. అత్తగారు జడ బిగించి కట్టుకుని వచ్చింది. బల్ల మీది ఏప్రను తీసి, మడతలు విప్పి, దులిపి తలమీదుగా వేసుకుంది.

"ఎంత తగ్గించావు?" అంది.

"ఏంటి అత్తయ్యా?"

"నీలం. నేను ఆ రంగు కలిపిన రోజు. ఎంత తగ్గించావు?"

కోడలు అత్తగారి ఫోను అందుకుంది. రోజువారీ లెక్క అందులోనే ఉంటుంది. "నూటికి తొమ్మిది పాళ్లు."

"అయితే నా గోడ మీద తొమ్మిదే తగ్గి ఉండాలి. ఎనిమిదైనా, పదైనా నా కళ్లు పోయినట్టే. పద, చూసొద్దాం."

కోడలు తన ఒళ్లోని సబ్బుపెట్టె వైపు చూసుకుంది. తను అడగలేకపోయినది ఆవిడే అడిగేసింది.

*

పళ్ల డాక్టరమ్మ వాళ్లని చూడగానే, కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మనిషిని అలాగే వదిలేసి వచ్చింది.

"ఆంటీ, ఆ గోడ సంగతి చూడండి ముందు! నోట్లో చెయ్యి పెట్టి పని చేస్తుంటే కూడా ఆ గోడేంటి, ఆ గోడేంటి అని అడుగుతున్నారు. అరగంట మాట్లాడొద్దంటే వినరే! ఇంతకుముందు పళ్లు చూసుకుని భయపడేవాళ్లు, ఇప్పుడు గోడ చూసి నవ్వుతున్నారు."

"భయం పోయిందిగా, మంచిదే కదమ్మా" అన్నాడు మామగారు. ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు కాబట్టి వచ్చాడు.

కుర్చీలో మనిషి "అఆ ఓఅ..." అన్నాడు.

"చూశారా!" అంది డాక్టరమ్మ.

అత్తగారు గోడ దగ్గరికి వెళ్లింది. పాత గోడా కొత్త గోడా కలిసే మూల దగ్గర నిలబడింది. ఒక అరచెయ్యి దీని మీద, ఒక అరచెయ్యి దాని మీద ఆనించింది. రెండు రోజులుగా ఆవిడ ఈ గోడని చూడటానికి రాలేదు. రంగు వేసిన మేస్త్రీ చెప్పిందే విని ఇంట్లో కూర్చుండిపోయింది.

"పచ్చ ఎక్కువవ్వలేదు ఇందులో" అంది చాలాసేపటికి. "అందరూ పచ్చగా ఉందన్నారు. పచ్చ ఎంతుండాలో అంతే ఉంది. నీలం తగ్గింది, అంతే. నీలం పక్కకి తప్పుకుంటే, వెనకాల దాక్కున్న పచ్చ బయటపడింది. నీ సబ్బుపెట్టె పెట్టు."

కోడలు పాత గోడకి ఆనించింది. అంకెలు రాసుకుంది. కొత్త గోడకి ఆనించింది. రాసుకుంది. ఒకసారి చాలదని చెరి ఐదు చోట్ల కొలిచింది. కాగితం మీద కూడి, తీసేసి, భాగించింది. చెయ్యి ఆగిపోయింది.

మామగారు భుజం మీద నుంచి తొంగి చూశాడు. "ఎంతొచ్చింది?"

"తొమ్మిదీ పది మధ్యలో... తొమ్మిదికే దగ్గర. తొమ్మిదీ కొసరు."

"కొసరేంటి?" అంది అత్తగారు గట్టిగా.

"ఆ కొసరు గోడ చెమ్మది అత్తయ్యా, మీది కాదు! ఆఫీసులో ఇంతకంటే మంచి యంత్రం పెట్టినా ఇంతకంటే దగ్గరగా రాదు." కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా వచ్చేస్తోంది. "మీరు తప్పు కలపలేదు. ఫోను ఏం చూపించిందో అచ్చంగా అదే కలిపారు. నేను నెల్రోజులు వెంట్రుకవాసి చొప్పున దొంగిలించిందంతా మీరు లెక్కకట్టి ఈ గోడకేశారు."

అత్తగారు గోడ మీది చేతులు తీసేసింది. ఒక నిట్టూర్పు విడిచింది. అది రెండు రోజులుగా లోపలే ఉండిపోయిన ఊపిరిలా ఉంది.

"ఏమండీ" అంది భర్తతో, "కళ్ల డాక్టరుకి ఫోను చేసి రావడం లేదని చెప్పండి."

"నిన్న నువ్వు వెళ్తానన్నప్పుడే నాకు తెలుసు, వెళ్లవని" అన్నాడాయన. పొద్దున్న వేళ్లు చూపించింది ఆయన కానట్టు.

వెనక గదిలో మిగిలిన రంగు డబ్బా ఉంది. అత్తగారు అది తెప్పించి, మూత తీయించి, వస్తూ ఏప్రను జేబులో వేసుకున్న నీలం సీసా తీసింది. చుక్కలు లెక్కపెట్టలేదు. వేస్తూ, కర్రతో కలుపుతూ, కర్రని పాత గోడ పక్కన పెట్టి చూస్తూ, మళ్లీ వేస్తూ పోయింది. కాసేపటికి సీసా మూత పెట్టేసింది. "ఇక చాలు."

"ఇంకా కొంచెం తక్కువున్నట్టుందేమో ఆంటీ" అంది డాక్టరమ్మ.

"ఆరనివ్వమ్మా. తడి రంగు, కొత్త పెళ్లికూతురు ఒక్కలాంటివే. మొదటి రోజే తీర్పు చెప్పకూడదు."

ఆ మాట ఎటు తిరిగి ఎటు వస్తుందోనని కోడలు తల వంచుకుంది. కానీ అత్తగారు ఆమె వైపే కర్ర చాచింది. "చూడు. నువ్వు చెప్పు, సరిపోయిందా?"

"నాకు తెలీదు అత్తయ్యా. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి."

"అదీ నీ జబ్బు. కంటి మీద పుస్తకాలు చదివావు గానీ, కంటితో చదవలేదు." తిట్టే గానీ, అందులో కారం లేదు. "ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ నీలం తగ్గించడం వల్ల నిజంగా అంత లాభముందా? ఫోను ఇంకాసేపు నిలవడం ఒక్కటేనా?"

"ఒక్క ఫోనుకి కొంచెమే అత్తయ్యా. కానీ ఎన్ని కోట్ల ఫోన్లున్నాయి! టీవీలు, బస్టాండుల్లో పెద్ద పెద్ద బోర్డులు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. అందరూ కలిసి వెంట్రుకవాసి తగ్గించినా, ఒక చిన్న ఊరికి సరిపడా కరెంటు మిగులుతుంది."

అత్తగారు ఆలోచిస్తూ కర్ర తుడిచింది. "అయితే మానేయాల్సిన పని కాదు. సరిగా చేయాల్సిన పని. అన్ని నీలాలూ ఒక్కటి కాదే పిల్లా. ఆకాశం నీలంలో ఎంత తీసినా ఎవడూ అడగడు. అదే మనిషి మొహం మీది నీడలో పిసరు తీశావంటే జబ్బుచేసినట్టు కనిపిస్తాడు. గోడ నీలం వేరు, కంటి కింది నీలం వేరు. అందరికీ ఒకే కత్తెర వేస్తే ఎలా?"

కోడలు గబగబా కాగితం తిరగేసి, వెనకవైపు రాసుకోవడం మొదలుపెట్టింది. అలా రాస్తుండగానే ఆమె ఫోను మోగింది.

మేనేజరు.

సోమవారం ఫోన్లు తయారుచేసే కంపెనీవాళ్లు వస్తున్నారు. నలభై మందిలో ఒక్కరికీ తెలియలేదని వాళ్లకి రాసిస్తే, ఆమె రెండేళ్ల కష్టం కోట్ల ఫోన్లలోకి వెళ్తుంది. ఈ పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆమె మేనేజరుకి నాలుగు వాక్యాలు పంపింది. ముప్ఫై తొమ్మిది మందికి తెలియలేదు. రంగులు కలిపే ఒకావిడ చేతికి తెలిసింది. ఆవిడ దగ్గర నేను సంతకం తీసుకోలేదు. తప్పు నాది.

చేతులకి రంగంటుకుందేమోనని చూసుకుంటూ, ఆమె స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"నీ మెసేజ్ చూశాను" అంది మేనేజరు గొంతు. తీరిగ్గానే ఉంది. "సంతకం లేదు కాబట్టి ఆ ఒక్కటీ లెక్కలోకి రాదు. తీసెయ్. ముప్ఫై తొమ్మిది మందికి తెలియలేదని రాయి. అబద్ధం కాదు కదా! సాయంత్రానికి పంపించు."

"కానీ సార్, తెలిసింది ఆవిడ ఒక్కరికే. ఆవిడ కలిపిన రంగుని కొలిచి చూశాను. మన లెక్కకి పిసరంత కూడా తేడా లేదు."

"ఎవరో ఒకావిడ! ప్రపంచంలో అందరూ రంగులు కలిపేవాళ్లే ఉంటారా? కోటి మందిలో ఒకరికి తెలుస్తుంది, తెలియనీ. మనం చేసేది ఆ మిగతావాళ్ల కోసం. ఆ ఒక్క మనిషి గురించి సోమవారం నాడు ఎవరూ అడగరు. నేను చెబుతున్నాగా, ఆ మనిషి లేదనుకో."

కుర్చీలోని మనిషి నోరు మూశాడు.

కోడలు ఫోను వైపు చెయ్యి చాచింది. ఏం చెప్పాలో ఆమెకింకా తెలీదు. తెలుసుకునేలోపే, నీలం మరకలున్న చెయ్యి ఒకటి ఆమెకంటే ముందు ఆ ఫోను అందుకుంది.

"అయ్యా" అంది అత్తగారు, ఏప్రను సర్దుకుంటూ, "ఆ లేని మనిషిని మాట్లాడుతున్నాను. సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?"